గున్నలో పక్క సీటు

జనవరి 9

చెల్లీ,

నిన్న నువ్వు ఫోన్ పెట్టేశాక ఈ కాగితం తీశాను. ఫోనులో అయితే నువ్వే మాట్లాడతావు, నేను ఊ కొడతాను. నేను అసలు సంగతికి వచ్చేలోపు కొట్లోకి ఎవరో బేరానికొస్తారు, నువ్వు ఉంటానంటావు. కాగితం మీదైతే నా వంతు నాకు దక్కుతుంది. ఇకనుంచి ఉత్తరాలే.

సంగతేమిటంటే, నేనొక ట్రక్కు కొన్నాను. కంగారుపడకు, సరుకు తోలడానికి కాదు, సరదాకి. సైన్యం వాళ్ళు ఇక అక్కర్లేదని వేలంలో అమ్మేసిన పాత బండి. నాలుగు చక్రాలూ లాగుతాయి. వెనక గుడ్డ కప్పు, దాని కింద అటో చెక్కబల్ల ఇటో చెక్కబల్ల. ముందు ఇద్దరే కూర్చోగలరు, తలుపులు లేవు. సైన్యం రంగు ఉంచుకోకూడదన్నారని బూడిదరంగు వేయించాను. ఏటవాలుగా ఎండ పడితే ఆ రంగు కిందనుంచి పాత నంబరు ఇప్పటికీ లీలగా కనిపిస్తుంది. ఏనుగు పిల్లలా ఊగుతూ నడుస్తుందని గున్న అని పేరు పెట్టాను.

ఉద్యోగం అయిపోయాక అందరూ మొక్కలు పెంచుకుంటారు, నీకిదేం పిచ్చి అన్నారు మీ బావ. ముప్పై ఏళ్ళు ఆసుపత్రి లాబ్‌లో ఊరందరి రక్తం చూశాను, ఇక ఇంజన్ ఆయిలు చూస్తానన్నాను. ఆయన పేపరు అడ్డం పెట్టుకున్నారు.

ఇలాంటి బండ్లున్నవాళ్ళకి ఇక్కడొక సంఘం ఉంది. ఆదివారాలు కలుస్తారు. అందులో ఆడవాళ్ళం ఇద్దరమే, నేనూ, ఎప్పుడూ టోపీ తియ్యని ఒకావిడా. ఆవిడే నాకు గేర్లు నేర్పుతోంది. గేరు మార్చినప్పుడల్లా క్లచ్ రెండుసార్లు తొక్కాలి, లేకపోతే లోపల పళ్ళు కొరుకుతుంది. నీకు తెలిసిందేలే. విప్పిన ప్రతి బోల్టునీ లాబ్ సీసాల్లో వేసి, ఎక్కడిదో చీటీ రాసి అంటించాను. సంఘంలో అందరూ నవ్వారు కానీ ఒక్క బోల్టూ పోలేదు.

రోజంతా స్పేర్‌పార్టుల కొట్లో అదే గోల కాబట్టి నీకీ తుక్కు మీద ఆసక్తి ఉండదని తెలుసు. అయినా తరవాత తెలిస్తే సాధిస్తావని చెప్పేస్తున్నాను.

అక్క

జనవరి 17

అక్కా,

నీ ఉత్తరం చదివాను. మా ఆయనకి వినిపించాను. మళ్ళీ చదివాను. ఒళ్ళు మండింది.

నాకు ఆసక్తి లేదని నీకెవరు చెప్పారు? వేలానికి వెళ్ళేముందు ఒక్క మాట చెబితే నోటి ముత్యాలు రాలిపోతాయా? నాన్న సైన్యం డిపోలో ఫిట్టరుగా ఉన్నన్నాళ్ళూ క్వార్టర్స్ వెనక ఆ బండ్ల కింద దూరి పడుకున్నది ఎవరు? బడి నుంచి రాగానే పుస్తకాలు గిరాటేసి పరిగెత్తింది ఎవరు? నాన్న ఎవర్ని మేస్త్రీ అని పిలిచేవాడు? గౌనుకి మట్టంటుతుందని నువ్వు గడప దాటిన పాపాన పోలేదు. అలాంటిది ఇవాళ నీ వాకిట్లో ట్రక్కు, నా కొట్లో కౌంటరు. ఎవరికి రాసిపెట్టింది ఎవరి కంచంలో పడిందో చూడు.

ఇంతకీ ఆ టోపీ ఆవిడెవరు? వయసెంత? ఇల్లూ వాకిలీ లేవా? క్లచ్ రెండుసార్లు తొక్కాలని నీకు చెప్పడానికి ఊళ్ళోవాళ్ళు కావలసి వచ్చారా? నేను తొమ్మిదో ఏటే ఆ గేరు చప్పుడు చెయ్యకుండా వేశాను. ఇంజను ఆపి ఉన్న బండిలోనే అనుకో. అయినా వేశాను.

సరే, నాకెందుకు. ఏనుగైనా గున్నయినా తుక్కు తుక్కే. నీ సరదా నీది.

ఆ తుక్కు అమ్ముకునే బతికే నీ చెల్లెలు

ఫిబ్రవరి 2

చెల్లీ,

కోపం తగ్గాక రాద్దామని ఆగాను. నాకొచ్చిన కోపం కాదు, నీది.

ఆవిడకి నా వయసే ఉంటుంది. కుట్టు మిషన్లు బాగుచేసే పని. ఆవిడ దగ్గర సైన్యం వాళ్ళదే చిన్న జీపు ఉంది. ఫోటో పెడుతున్నాను, చూడు.

గున్నకి ఒక జబ్బుంది. చదునులో బంగారంలా నడుస్తుంది. ఎండపూట ఎత్తు ఎక్కించామా, కాసేపటికి దగ్గి ఆగిపోతుంది. కాస్త చల్లబడ్డాక ఏమీ ఎరగనట్టు మళ్ళీ స్టార్టవుతుంది. పెట్రోలు పంపులో రబ్బరు పొర పోయిందంటోంది టోపీ ఆవిడ. మీ కొట్లో దొరికితే పంపిస్తావా? పాత పొర కొలతలు వెనక వేశాను.

ఏప్రిల్లో సంఘం బండ్లన్నీ కలిసి కొండదారిలో రెండు రోజులు వెళ్తాయి. ఒక్కో బండికి ఇద్దరి పేర్లివ్వాలి, నడిపేవాళ్ళదీ, పక్క సీటువాళ్ళదీ. నడిపేది నేనే. పక్క సీటుకి పేరు ఇంకా రాయలేదు.

అక్క

ఫిబ్రవరి 11

అక్కా,

పొర ఈ ఉత్తరంతోపాటే పార్సిల్లో వస్తుంది. నువ్వూ మీ టోపీ ఆవిడా ముచ్చటగా కూర్చుని బిగించుకోండి.

ఫోటో చూశాను. బండి బాగుంది. మిగతాదే బాగాలేదు. స్టీరింగ్ దగ్గర ఆవిడ కూర్చుంది, కూర్చోనీ. నువ్వు కింద నిలబడి పళ్ళికిలిస్తున్నావు, ఇకిలించుకో. ఆవిడ మెడకి చుట్టుకున్న ఆ ఆకుపచ్చ మఫ్లరు నేను చలికాలమంతా కూర్చుని నీకోసం అల్లింది. నాకు వేళ్ళు నొప్పెడితే మా ఆయన మందు రాశాడు. ఇప్పుడది ఊళ్ళోవాళ్ళ మెడలో ఊరేగుతోంది.

ఇంకో మాట. నువ్వు చెప్పిన లక్షణాలకి రోగం పంపుది కాదు. అసలు రోగమేదో చదవగానే తెలిసింది నాకు. కాని ఇలాంటివి కాగితం మీద చెప్పేవి కావు, బండి పక్కన నిలబడి చెప్పాలి. పిలిస్తే వచ్చేవాళ్ళు వస్తారు. పిలవని చోటికి వెళ్ళే అలవాటు నాకు లేదు.

పక్క సీటుకి నీకు జనం కరువా. నాకు ఏప్రిల్లో బొత్తిగా తీరికుండదు.

చెల్లెలు

ఫిబ్రవరి 24

చెల్లీ,

పొర మార్చాం. అయినా ఆగుతూనే ఉంది. రోగం తెలుసన్నావు, రెండు ముక్కలు రాస్తే నీ సొమ్మేం పోతుంది? ఇంత దూరం వచ్చి చెప్పాలంటావు, మళ్ళీ తీరిక లేదంటావు. నీ మాట నాకు అర్థం కాలేదు.

మఫ్లరు నేనే ఇచ్చాను. ఆ రోజు గాలి కోసేస్తోంది, ఆవిడ వణికిపోతోంది. ఫోటో అవగానే తిరిగిచ్చేసింది. ఉతికి పెట్టుకున్నాను.

మొన్న ఆదివారం పొద్దున్నే నేనొక్కదాన్నే గున్నని బయటికి తీశాను. వీధిలో ఎవరూ లేరు. అద్దం ముందుకి మడిచేశాను, గాలంతా మొహం మీదే. ఒక్కసారి కూడా గేరు కొరకలేదు. పాలవాడు సైకిలు ఆపి నిలబడి చూశాడు. రైలుగేటు దగ్గర ఆగితే బస్సు డ్రైవరు కిందికి వంగి, ఏ సంవత్సరంది అమ్మా అనడిగాడు. చెప్పాను. ఇంటికొచ్చాక చేతులకి వచ్చిన గ్రీజు వాసన చాలాసేపు కడుక్కోలేదు. మీ బావ మాత్రం కిటికీ తెరిచారు.

నీకు తీరిక లేదన్నావు కదా, పక్క సీటుకి టోపీ ఆవిడ పేరు రాసిచ్చేశాను.

అక్క

మార్చి 3

అక్కా,

తీరిక లేదంటే రానని అర్థమా? ఇంత చదువు చదివి, అంత ఉద్యోగం వెలగబెట్టి, నీకు ఆ మాత్రం తెలియదా? తీరిక లేదంటే, తీరిక చేసుకో అని నువ్వు బతిమాలాలి. కనీసం ఒక్కసారి. మన ఇంట్లో ఎప్పుడు ఎవరు మొదటిసారే సరేనన్నారు? మా పెళ్ళికి మా ఆయనే మూడోసారికి ఒప్పుకున్నాడు.

ఆరు నెలలు సావాసం చేస్తే వాళ్ళు వీళ్ళవుతారంటారు. నీకు ఆరు వారాలే పట్టింది. అవును, కుళ్ళే. దాచుకోను. ఆ ఆవిడ మీద కుళ్ళు, ఆవిడ టోపీ మీద కుళ్ళు, నిన్ను చూసి సైకిలాపిన పాలవాడి మీద కుళ్ళు. కొట్లో ఎవరైనా పాత మోడల్ పార్టు అడిగితే లేదనేస్తున్నాను. ఎదురుగా అరలో కనిపిస్తున్నా లేదనేస్తున్నాను. మా ఆయన దండం పెట్టి నన్ను ఇంటికి పంపించేస్తున్నాడు.

ఇప్పుడేం చెయ్యాలో విను. ఆవిడ పేరు కొట్టించి నా పేరు రాయించు. నేను నడుపుతాను, నువ్వు పక్కన కూర్చో. కొండదారి నీవల్ల కాదు, అందులోనూ రోగమున్న బండితో. నేనుంటే అది దారిలో ఆగే సమస్యే లేదు. నీకే తెలుసు, నాన్న ఉంటే ఆ స్టీరింగు నాకే ఇచ్చేవాడు.

వెంటనే రాయి.

మేస్త్రీ

మార్చి 15

చెల్లీ,

వెంటనే రాయలేదు. మూడుసార్లు మొదలుపెట్టి చింపేశాను.

నిజమే, నాన్న ఉంటే నీకే ఇచ్చేవాడు. అందుకే నీ పేరు రాయించను.

నేను గౌనుకి మట్టంటుతుందని రాలేదన్నావు. నేను రోజూ వచ్చానే. బండి పక్కన రేకు పళ్ళెం పట్టుకుని నిలబడేదాన్ని. బండి కిందనుంచి నాన్న చెయ్యి బయటికొచ్చేది, పళ్ళెంలో బోల్టు పడేది, చెయ్యి లోపలికి పోయేది. నాకు మీ ఇద్దరి కాళ్ళే కనిపించేవి. లోపల మీరేదో అనుకుని నవ్వుకునేవాళ్ళు. ఏమిటని అడిగితే ఏం లేదనేవాళ్ళు. ఒకరోజు నేనూ దూరతానన్నాను. "నువ్వూ వస్తే పళ్ళెం ఎవరు పడతారే పెద్దదానా" అన్నాడు నాన్న. ఆయన మాటకేం, ప్రేమగానే అన్నాడు. లోపలినుంచి నువ్వు నవ్వావు.

బోల్టు పోకుండా చూసుకోవడం నాకు లాబ్‌లో అలవాటయిందనుకున్నావా?

నీకు కుళ్ళు పుట్టి రెండు నెలలయింది. నాకు పదకొండో ఏట పుట్టింది, ఇంకా చావలేదు. నీకు పెళ్ళయినప్పుడు పోతుందనుకున్నాను, పోలేదు. నువ్వు కొట్టు పెట్టి, మగవాళ్ళంతా వచ్చి నిన్ను సలహాలడుగుతుంటే ఇంకా ఎక్కువైంది. ఇంటికొచ్చి మీ బావతో నీ గురించి గొప్పగా చెప్పేదాన్ని, రాత్రికి నిద్ర పట్టేది కాదు.

వేలం సంగతి నీకు చెప్పకపోవడం మరిచిపోయి కాదు. చెబితే నువ్వొస్తావు. నువ్వొస్తే బండి చుట్టూ ఒకసారి తిరుగుతావు, ఒక చెవి ఇంజనుకి ఆనిస్తావు, అది నీదైపోతుంది. నువ్వు లాక్కోవు, నేనే ఇచ్చేస్తాను. స్టీరింగు వదిలి పక్కకి జరిగి కూర్చుంటాను. అదే నా భయం. పక్క సీటు ఖాళీగా ఉందని రాశాను కదా, అది రాయడానికి కూడా నాకు చాలా ధైర్యం కావలసి వచ్చింది. నువ్వు తీరిక లేదన్నావు. నిజం చెబితే హాయిగా ఊపిరి పీల్చుకున్నాను.

నాకు ఒక్క బండి కావాలి, నువ్వు లేనిది. టోపీ ఆవిడకి ఏం తెలిసినా నాకు బాధ లేదు. ఆవిడ మన నాన్న కూతురు కాదు.

రోగమేమిటో కూడా చెప్పకు.

అక్క

మార్చి 30

అక్కా,

నీ ఉత్తరం వచ్చినరోజు కొట్టు మధ్యాహ్నమే మూసేశాను. ముందు నీమీద పట్టరాని కోపం వచ్చింది. యాభై ఏళ్ళు కడుపులో పెట్టుకుని, ఊరికే నవ్వుతూ తిరిగావు కదే.

తరవాత మా ఆయన్ని అడిగాను, నేను అలా చేస్తానా అని. "నన్నెందుకడుగుతావు, ఇన్నేళ్ళుగా మన కొట్లో పొట్లాలు కట్టేవాణ్ణే కదా నేను" అన్నాడాయన. నవ్వుతూనే అన్నాడు. నాకు నవ్వు రాలేదు.

ఆ క్వార్టర్స్ వెనక జాగా గుర్తు తెచ్చుకోవాలని కూర్చున్నాను. పళ్ళెం గుర్తుంది. దానికి ఒక అంచు నొక్కుకుపోయి ఉండేది. బోల్టు పడ్డ చప్పుడు గుర్తుంది. పట్టుకున్న చెయ్యి మాత్రం గుర్తు రాలేదు. ఎంత ప్రయత్నించినా రాలేదు. ఇలా రాయడానికి నాకు సిగ్గుగా ఉంది, కాని గుర్తుందని అబద్ధం చెబితే నీకు తెలిసిపోతుంది.

నేను రాను. ఏప్రిల్ యాత్ర నీది.

రోగమేమిటో మొన్న ఒక కాగితం మీద బొమ్మ వేసి మరీ రాశాను. కవరులో కూడా పెట్టాను. మళ్ళీ తీసి చింపేశాను. చెప్పాలని నాలుక పీకుతోంది. ఫిబ్రవరిలో చెప్పనిది నువ్వు పిలవాలని. ఇప్పుడు చెప్పనిది వేరే. అది దారిలో ఆగితే ఆగనీ. నువ్వే దిగి చూసుకో.

టోపీ ఆవిడకి కూడా ఆ రోగం అంతుపట్టకూడదని కోరుకుంటున్నాను. ఇది మాత్రం కుళ్ళే.

చెల్లెలు

ఏప్రిల్ 22

చెల్లీ,

ఆగింది. మొదటి రోజే, మొదటి పెద్ద ఎత్తులోనే, మలుపు మధ్యలో. మా వెనక బండ్లన్నీ ఆగిపోయాయి. సంఘంలో ప్రతివాడూ డాక్టరే కదా, ఒకడు ప్లగ్గులన్నాడు, ఇంకొకడు కాయిలన్నాడు. టోపీ ఆవిడ పంపు మళ్ళీ విప్పుదామని పాన తీసింది. నేను వద్దన్నాను. అందరినీ కాస్త వెనక్కి జరగమన్నాను. అంత గట్టిగా నేను ఎవరితోనూ మాట్లాడి ఎరగను.

టాంకీ దగ్గర మొదలుపెట్టి పెట్రోలు గొట్టాన్ని వేలితో తడుముకుంటూ ముందుకి వచ్చాను. బండి కిందికి దూరాల్సి వచ్చింది. దూరాను. ఒకచోట గొట్టం పొగగొట్టాన్ని దాదాపు ఆనుకుని వెళ్తోంది. వేలు చుర్రుమంది. అక్కడ ఆగిపోయి ఆలోచించాను. లాబ్‌లో మంట ఎక్కువైతే సన్న నాళంలో ద్రవం ఉడికి ఆవిరి బుడగలు కట్టేస్తుంది, అటువైపు చుక్క కూడా రాదు. చల్లబడితే మామూలే. మన గున్నకీ అదే. పంపుకి పెట్రోలు బదులు ఆవిరి అందుతోంది.

ముందు తడిగుడ్డ చుట్టాను, స్టార్టయింది. కాని ఎన్నిసార్లని తడుపుతాం? గొట్టం పట్టి ఉన్న బిగింపులు విప్పి, గొట్టాన్ని మెల్లగా వంచి, చట్రానికి అవతలి వైపు నుంచి తెచ్చి మళ్ళీ బిగించాను. విప్పిన బోల్టులు పట్టుకోవడానికి టోపీ ఆవిడ తన టోపీ తీసి చాపింది. నేను అడగలేదు. ఆవిడ జుట్టు ఎలా ఉంటుందో ఆ రోజే చూశాను. ఆ తరవాత రెండు రోజులూ గున్న ఒక్కసారి కూడా ఆగలేదు.

పైకి చేరాక అందరూ చుట్టూ మూగి మెచ్చుకున్నారు. నేను నవ్వుతూ నిలబడ్డాను. లోపల మాత్రం చప్పగా ఉంది. ఎందుకా అని దిగేటప్పుడంతా ఆలోచించాను. వాళ్ళెవరి చేతిలోనూ నేనెప్పుడూ ఓడిపోలేదే. వాళ్ళు మెచ్చుకుంటే నాకేమొస్తుంది. చూడాల్సినదానివి నువ్వు, నువ్వేమో అక్కడ లేవు. నేనే రావద్దన్నాను.

మే మొదటి ఆదివారం గున్నని బయటికి తీస్తాను. నడిపేది నేనే. పక్క సీటు ఖాళీ. ఇది నేను బతిమాలడం అనుకో.

అక్క

ఏప్రిల్ 27

అక్కా,

శనివారం బస్సుకి వస్తున్నాను. తీరిక లేదు, చేసుకున్నాను. కొట్టు మా ఆయనకి అప్పగించాను, పొట్లాలు కట్టడానికి వేరే మనిషిని పెట్టుకోమన్నాను.

స్టీరింగు అడగను. నువ్వు ఇస్తానన్నా ముట్టను. గేరు కొరికిస్తే నోరు మూసుకుంటాను. రెండుసార్ల వరకు హామీ ఇవ్వగలను, మూడోదానికి ఇవ్వలేను.

ఒక సంగతి చెప్పాలి. నేను రాసి చింపిన కాగితంలో తడిగుడ్డ చుట్టమనే ఉంది. అంతే ఉంది. నాన్న అదే చేసేవాడు, నేనూ అదే నేర్చుకున్నాను. ఎత్తొచ్చినప్పుడల్లా దిగి గుడ్డ తడిపేవాళ్ళం. గొట్టాన్ని చట్రానికి అవతల నుంచి తేవచ్చని నాకు తట్టలేదు. నాన్నకీ తట్టలేదు.

అది చదివిన దగ్గరనుంచి కడుపు మండిపోతోంది. నిన్న రాత్రి అన్నం సయించలేదు. ఇప్పుడు రాస్తుంటే కూడా మండుతోంది.

ఈ ముక్క నీకిష్టమని రాస్తున్నాను.

చెల్లెలు